గుండెలో హైడాటిడ్ సిస్టు: బాధే లేనప్పుడు ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. మా అక్కకి 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. బావ వాళ్లకి గొర్రెల మంద ఉంది. అప్పుడప్పుడూ గుండె దడగా ఉంటోందని ఎకో తీయిస్తే గుండె ఎడమ వైపు కింది గది గోడలో 5 సెంటీమీటర్ల సిస్టు ఉందన్నారు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ తీసి, ఇది హైడాటిడ్ సిస్టు, ఓపెన్ హార్ట్ ఆపరేషన్ చేయాలి అన్నారు. రక్తపరీక్షలో మాత్రం నెగటివ్ వచ్చింది. అక్క ఇంటి పనంతా మామూలుగానే చేసుకుంటోంది. ఇంత బాగున్న మనిషికి ఛాతీ కోయించడమేంటని అత్తగారింట్లో ఒప్పుకోవట్లేదు. వాళ్ల చుట్టం ఒకాయనకి కార్జంలో ఇలాంటిదే ఉంటే సూదితో నీళ్లు తీసేశారట. అలా కుదరదా? మాత్రలతో కరగదా? పిల్లలకి అంటుకుంటుందా? ఇంట్లో రెండు కుక్కలున్నాయి, వాటిని వదిలేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీరు అడిగిన అసలు సంగతి చెప్తాను, మిగతావి తర్వాత. ఆపరేషన్ చేయించండి. నెలల తరబడి వాయిదా వేయకుండా చేయించండి. అక్కకి పెద్దగా బాధ లేదు కాబట్టి తొందరేముంది అని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారు, నాకైతే బాధ లేనప్పుడే దొరకడం మీ అదృష్టమనిపిస్తోంది. ఈ జబ్బులో మనిషి నడుచుకుంటూ వచ్చి తేదీ చూసుకుని చేయించుకునే ఆపరేషన్ వేరు, సిస్టు అంటే నీటి బుడగ, అది పగిలాక అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చాక చేసేది వేరు. రెండో దానిలో మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ.

అసలు ఇదేంటో అత్తగారింట్లో వాళ్లకి కూడా మీరు చెప్పగలగాలి, అందుకని కాస్త వివరంగా రాస్తాను. ఇది క్యాన్సర్ గడ్డ కాదు, కొవ్వు గడ్డ కాదు. కుక్క పేగుల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు పిల్లదశ ఇది. పురుగు పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్, పొడవు కొన్ని మిల్లీమీటర్లే, కుక్క మలంలో దాని గుడ్లు కంటికి కనిపించవు. ఆ గుడ్లు మట్టిలో, గడ్డి మీద, నీళ్లలో పడతాయి, కుక్క ఒంటి బొచ్చుకీ అంటుకుంటాయి. గొర్రెలు మేతతో పాటు మింగుతాయి. మనం చేతులు కడుక్కోకుండా తిన్నప్పుడో, కడగని ఆకుకూరతోనో, కలుషితమైన నీళ్లతోనో మింగుతాం. పేగులో గుడ్డు విచ్చుకుని, లోపలి పిల్ల పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తుంది. ఆ రక్తం ముందు చేరేది కార్జానికి, అందుకే అన్నిటికన్నా ఎక్కువగా ఈ బుడగలు అక్కడే కనిపిస్తాయి. అది దాటితే ఊపిరితిత్తులు. ఆ రెండూ దాటుకుని గుండెకి రక్తం ఇచ్చే నాళాల్లోంచి గుండె కండలోకి చేరేది చాలా అరుదు, ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరి లోపే. చేరితే మాత్రం సగానికి పైగా కేసుల్లో అది ఎడమ జఠరికలోనే ఉంటుంది. మందమైన కండ, దానికి రక్తం ఎక్కువ, కాబట్టి పిల్ల అక్కడ దిగే అవకాశమూ ఎక్కువ. మీ అక్క రిపోర్టులో ఎడమ వైపు కింది గది అని రాసింది దాన్నే.

అక్కడ దిగిన పిల్ల నీటి బుడగలా మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. చిన్నప్పుడు మింగిన గుడ్డు పెళ్లయ్యి పిల్లలు పుట్టాక బయటపడడం మామూలే. కాబట్టి ఎప్పుడు, ఎక్కడ సోకిందని ఇప్పుడు వెతకడం అనవసరం. ముఖ్యంగా అత్తగారింట్లో కుక్కల వల్లా పుట్టింట్లో వల్లా అనే గొడవ దయచేసి పెట్టుకోకండి, ఏ డాక్టరూ దానికి జవాబు చెప్పలేడు. మన దేశంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కశ్మీర్ నుంచి ఈ జబ్బు ఎక్కువగా నమోదవుతూ వచ్చింది. గొర్రె, కుక్క, మనిషి ఒకే చోట ఉండే ప్రతి ఊరిదీ ఇది.

ఇప్పుడు బాధ లేకపోవడం గురించి. బుడగ కండ లోపల ఇరుక్కుని ఉన్నంతకాలం గుండె దాన్ని భరిస్తూ పని చేసుకుపోతుంది. చాలామందికి ఏమీ తెలీదు. కొందరికి మీ అక్కకి వచ్చినట్టు దడ, కొందరికి ఛాతీలో నొప్పి, ఆయాసం. కానీ గుండె ఊరికే ఉండే అవయవం కాదు కదా, రోజుకి లక్ష సార్లు ముడుచుకుంటుంది. ముడుచుకున్న ప్రతిసారీ ఆ బుడగ గోడ మీద ఒత్తిడి పడుతుంది. ఒక రోజు గోడ పలచబడి పగిలితే మూడు రకాల ప్రమాదం ఉంది. లోపలి గదిలోకి పగిలితే పొరలు, పిల్ల బుడగలు రక్తంలో కొట్టుకుపోతాయి. ఎడమ వైపు కాబట్టి అవి మెదడుకి వెళ్తే పక్షవాతం, కాలి నాళంలో ఇరుక్కుంటే కాలు చల్లబడి నల్లబడడం. కుడి వైపు ఉన్నవాళ్లకైతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. బయటికి పగిలితే గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు నిండి గుండెని నొక్కేస్తుంది. ఎటు పగిలినా ఆ నీటికి ఒళ్లు ఒక్కసారిగా అలర్జీతో రియాక్ట్ అయి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా ఆ నీటిలో ఉన్న సన్నని పిల్లలు పడిన చోటల్లా మళ్లీ కొత్త బుడగలుగా పెరుగుతాయి. పగలకపోయినా, గుండెలో కరెంటు నడిచే దారి పక్కన పెరిగితే గుండె లయ తప్పుతుంది. మీ అక్క దడ దాని వల్లనా కాదా అన్నది ఆమెని చూసిన డాక్టర్ హోల్టర్ (రోజంతా గుండె లయని నమోదు చేసే చిన్న మెషిన్) పెట్టి తేలుస్తారు.

సూది సంగతి. మీ చుట్టానికి చేసింది నిజమే, సరైన వైద్యమే. కార్జంలో కొన్ని రకాల బుడగలకి స్కాన్‌లో చూస్తూ సన్న సూది గుచ్చి, నీరు లాగి, పురుగు పిల్లల్ని చంపే మందు లోపల వదిలి, కాసేపాగి మళ్లీ లాగేస్తారు. కార్జం కదలకుండా ఉంటుంది, సూది దారిలో చుట్టూ మందపాటి కార్జం కండ ఉంటుంది, నీరు కారినా చాలావరకు అక్కడే ఆగుతుంది. కొట్టుకుంటున్న గుండెలో ఇది చేయకూడదు. గుచ్చిన చోట నుంచి నీరు ఒక్క చుక్క గుండె సంచిలోకో రక్తంలోకో కారినా పైన చెప్పిన ప్రమాదాలన్నీ మన చేతులతో మనం తెచ్చుకున్నట్టే. ఎక్కడైనా ఎవరైనా, పెద్ద ఆపరేషన్ వద్దు, సూదితో తీసేద్దాం అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి. ముక్క తీసి టెస్టుకి పంపుతాం అన్నా అంతే.

మాత్రల విషయంలో కాస్త అయోమయం ఎందుకుంటుందో నాకు తెలుసు. ఆల్బెండజోల్ అనే ఈ మాత్రనే ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల దినం అని బడిలో పిల్లలకి ఒక్కొక్కటి ఇస్తారు. అది పేగుల్లో ఉన్న పురుగులకి. గుండె కండలో, గట్టి పొర లోపల కూర్చున్న బుడగకి ఒక మాత్ర ఏమీ చేయదు, దీనికి నెలల తరబడి వాడాలి. వాడినా 5 సెంటీమీటర్ల బతికున్న బుడగని మాత్రలతోనే తీసేయగలం అని నేను మీకు మాట ఇవ్వలేను. ఇంకో చిక్కు కూడా ఉంది. మందుకి లోపలి పొర దెబ్బతిని బుడగ గోడ బలహీనపడితే గుండెలో అది పగిలే భయం పెరుగుతుందని చాలామంది సర్జన్లు జంకుతారు. అందుకే కొందరు ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే మొదలుపెడతారు, కొందరు ఆపరేషన్ అయ్యాకే ఇస్తారు. మీ ఊరి డాక్టర్ ఒకటి, హైదరాబాద్ డాక్టర్ ఒకటి చెప్తే ఇద్దరిలో ఒకరు తప్పని అనుకోకండి. కానీ సొంతంగా మెడికల్ షాపులో కొని మొదలుపెట్టకండి, ఆపరేషన్ చేసే సర్జన్ ఏ రోజు మొదలుపెట్టమంటే ఆ రోజే. మామూలుగా పెద్దవాళ్లకి 400 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు రాస్తారు. కాస్త నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది, పరగడుపున వేసుకుంటే చాలావరకు వృథా. వాడుతున్నన్నాళ్లూ కార్జం పరీక్ష, రక్తకణాల లెక్క చేయిస్తూ ఉండాలి. జుట్టు ఊడితే కంగారుపడకుండా డాక్టర్‌కి చెప్పమనండి, మందు ఆపాక తిరిగి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీ అక్క గర్భంతో ఉండకూడదు. మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించాలి, వాడినన్నాళ్లూ జాగ్రత్త పడాలి. ఈ మాట మగడాక్టర్ ముందు చెప్పడానికి సిగ్గుపడి చాలామంది ఆడవాళ్లు దాటేస్తారు, మీరు ముందే అక్కకి చెప్పి పంపండి.

మాత్రలతో నెట్టుకొచ్చే సందర్భాలు లేకపోలేదు. బుడగ ఎప్పుడో చచ్చిపోయి సున్నం పట్టి చిన్నదిగా ఉన్నప్పుడు, లేదా మనిషి వేరే జబ్బుల వల్ల ఆపరేషన్‌కి తట్టుకోలేనప్పుడు. మీరు రాసినదాన్ని బట్టి మీ అక్క ఆ రెండింట్లోనూ లేదు.

రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది కాబట్టి అసలు ఇది ఆ జబ్బే కాదేమో అని ఎవరైనా అంటారు. ఈ పరీక్ష ఒంట్లో తయారైన యాంటీబాడీలని వెతుకుతుంది. బుడగ పగలకుండా చెక్కుచెదరకుండా ఉంటే లోపలి పదార్థం రక్తానికి తగలదు, అప్పుడు పరీక్ష నెగటివ్ రావచ్చు. గుండెలో ఎకో, ఎంఆర్ఐ చెప్పినదానికే బరువెక్కువ. అయితే ఆపరేషన్‌కి ముందు మీరు ఇంకో సంగతి తప్పకుండా అడగాలి: కడుపుకి, ఛాతీకి, తలకి కూడా స్కాన్ అయ్యిందా అని. గుండెలో ఉన్నవాళ్లలో చాలామందికి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇంకొకటి ఉంటుంది. ఉంటే సాధారణంగా ముందు గుండెదే తీస్తారు, పగిలితే ప్రాణం పోయేది అదే కనుక. గుండె నాళాలకి కూడా యాంజియో తీస్తారు. బ్లాకులున్నాయేమో అని మాత్రమే తీస్తారనుకోకండి, బుడగ పెరుగుతూ ఒక నాళాన్ని పక్కకి నెట్టి తన మీద సాగదీసుకుని ఉండొచ్చు, కోత ఎక్కడ పెట్టాలో సర్జన్‌కి ముందే తెలియాలి.

ఇక ఆపరేషన్. ఇంట్లో వాళ్ల భయమంతా ఛాతీ కోయడం అనే మాట దగ్గరే ఆగిపోయింది కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

మత్తు ఇచ్చాక గొంతులోంచి ఒక ఎకో గొట్టం పెడతారు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె లోపల ఏముందో స్క్రీన్ మీద కనిపిస్తూ ఉంటుంది. అలర్జీ వస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్, స్టెరాయిడ్ సిరంజిల్లో ఎక్కించి పక్కన పెట్టుకుంటారు. రొమ్ము ఎముకని నిలువుగా తెరిచి గుండెని హార్ట్-లంగ్ మెషిన్‌కి కలుపుతారు, కాసేపు గుండె, ఊపిరితిత్తుల పని అదే చేస్తుంది. ఆ మెషిన్ లేని రోజుల్లో గుండెలోని ఇలాంటి బుడగ జోలికి వెళ్లడమే సాహసం. 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ ఆ మెషిన్ మీద మొదటిసారి మనిషి గుండె ఆపరేషన్ విజయవంతంగా చేశాక దారి తెరుచుకుంది, 1960ల నుంచి హైడాటిడ్ సిస్టులని కూడా అలాగే తీస్తున్నారు. ఈ ఒక్క ఆపరేషన్‌లో మాత్రం మామూలు బైపాస్‌కి లేని క్రమశిక్షణ ఒకటుంది: మెషిన్ ఎక్కించి, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళానికి (బృహద్ధమనికి) క్లాంప్ వేసి మూసి, పొటాషియం కలిపిన చల్లటి ద్రవంతో గుండె ఆగేదాకా గుండెని చేత్తో ఎత్తడం, తిప్పడం, నొక్కి చూడడం చేయకూడదు. కొట్టుకుంటున్న గుండెలో బుడగ చితికితే ముక్కలు నేరుగా మెదడుకి వెళ్తాయి. క్లాంప్ పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది.

గుండె ఆగాక దాని చుట్టూ, గుండె సంచి మొత్తం, గాఢమైన ఉప్పునీటిలోనో బెటాడిన్‌లోనో తడిపిన గాజ్ గుడ్డలు పరుస్తారు, పొరపాటున చుక్క కారినా గుడ్డలోనే చావాలని. ఉబ్బిన చోట కండ తెల్లగా, పలచగా కనిపిస్తుంది. అక్కడ సూదితో లోపలి నీరు లాగుతారు. గుండె ఆగి ఉంది, చుట్టూ కాపలా ఉంది, కాబట్టి సూదికి సరైన చోటు ఇది. బతికున్న బుడగ నీరు స్ఫటికంలా తేటగా ఉంటుంది. నీరు తీసిన ఖాళీలోకి 20 శాతం ఉప్పునీరు ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగుతారు, మిగిలిన పిల్లలు చచ్చేదాకా. అప్పుడు కోసి తెరుస్తారు. లోపల ఒక తెల్లటి పొర, లేత కొబ్బరి మీగడలా మెత్తగా జారుతూ, గోడ నుంచి తేలిగ్గా విడిపోయి వస్తుంది. దాంతో పాటు చిన్నా పెద్దా పిల్ల బుడగలు ఉంటే అవీ. అన్నీ పూర్తిగా రావాలి, ఒక్క తునక వదలకూడదు. లోపలి నీరు, పొరలు లాగే గొట్టం కూడా వేరేది పెడతారు. మామూలుగా ఆపరేషన్ చోట చేరిన రక్తాన్ని మెషిన్‌లోకి లాగి మళ్లీ ఒంట్లోకి పంపుతారు, ఇక్కడ అదే గొట్టం పెడితే పిల్లల్ని మనమే ఒళ్లంతా చల్లినట్టవుతుంది. తీసిన పొర ల్యాబ్‌కి వెళ్తుంది, జబ్బు ఇదేనని అక్కడ రాతపూర్వకంగా ఖాయమవుతుంది.

మిగిలిన గుంతని కడిగి, గుండె లోపలి గదిలోకి దారి ఏమైనా ఉందేమో చూస్తారు, ఉంటే కుట్టేస్తారు లేదా ప్యాచ్ వేస్తారు. తర్వాత గుంత గోడల్ని లోపల నుంచి కుట్టి దగ్గరికి చేర్చేస్తారు. బుడగ చుట్టూ ఒళ్లు కట్టుకున్న గట్టి పొర ఒకటుంటుంది, అది గుండె కండకి అతుక్కుని ఉంటుంది. దాన్ని మొత్తం తీయాలని పట్టుబట్టరు. తీయబోతే మంచి కండ, పక్కనున్న నాళం తెగుతాయి. డిశ్చార్జి కాగితంలో పాక్షికంగా తీశాం అని రాసి ఉంటే జబ్బు మిగిల్చారని కంగారుపడకండి, పురుగు పొర పూర్తిగా వచ్చిందా అన్నదే ముఖ్యం.

ప్రమాదం లేదని చెప్పను. రక్తం కారడం, లయ తప్పడం, గుండె కొన్నాళ్లు నీరసంగా కొట్టుకోవడం, కుట్టిన చోట గోడ ఉబ్బడం, ఇవన్నీ ఉండే సంగతులే. రెండు కింది గదుల మధ్య గోడలో బుడగ ఉన్నవాళ్లకి పేస్‌మేకర్ అవసరం పడొచ్చు. మీ అక్కది బయటి గోడలో ఉంటే ఆ భయం తక్కువ, సర్జన్‌ని అడిగి తెలుసుకోండి. ఆమె వయసు, మిగతా ఆరోగ్యం ఆమెకి అనుకూలంగా ఉన్నాయి. అంతా సాఫీగా జరిగితే కొన్ని గంటలు వెంటిలేటర్, ఒకటి రెండు రోజులు ఐసీయూ, మొత్తం వారం పది రోజుల్లో ఇంటికి వస్తారు. ఎముకని స్టీలు తీగలతో కడతారు, అది అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ రోజుల్లో నీళ్ల బిందె ఎత్తడం, పిల్లల్ని చంకనెత్తుకోవడం, బండి మీద ఊళ్లు తిరగడం వద్దు. పల్లెలో ఇంటికొచ్చిన ఆడమనిషి రెండో వారానికే పొయ్యి దగ్గర, మూడో వారానికి బోరింగ్ దగ్గర ఉంటుంది, నాకు తెలుసు. దీనికి బావతో, ఆయన తల్లితో ముందే మాట్లాడి పెట్టుకోండి, లేదా ఆ రెండు నెలలు అక్కని మీ ఇంటికే తెచ్చుకోండి. వాల్వ్ మార్చట్లేదు కాబట్టి జీవితాంతం రక్తం పలచబరిచే మాత్రలు వాడాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆల్బెండజోల్ మాత్రం ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు నడుస్తుంది.

ఎక్కడ చేయించాలి అంటే, ఓపెన్ హార్ట్ రోజూ చేసే చోట. ఈ జబ్బు అరుదు, కాబట్టి వందల కేసులు చేసిన సర్జన్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు, అలాంటివాళ్లు దేశంలోనే తక్కువ. గుండెని మెషిన్ మీద ఆపి లోపల పని చేయడం అలవాటున్న టీమ్, మంచి ఐసీయూ ఉంటే చాలు. మీకు హైదరాబాద్ దగ్గర కాబట్టి నిమ్స్, ఉస్మానియా, గాంధీ లాంటి చోట్ల గుండె సర్జరీ విభాగాలున్నాయి. సర్జన్‌ని సూటిగా అడగండి: హైడాటిడ్ సిస్టు ఇంతకుముందు చేశారా, గుండె ఆపి చేస్తారా కొట్టుకుంటుండగానే చేస్తారా, పగలకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారు అని. గుండె పై సంచి మీద ఉన్న బుడగల్ని కొందరు మెషిన్ లేకుండా తీస్తారు. ఎడమ జఠరిక గోడలో 5 సెంటీమీటర్ల దానికి మెషిన్ సిద్ధంగా లేకుండా ఎవరైనా దిగుతానంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఖర్చు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు. ఈ జబ్బు పేరు లిస్టులో కనిపించలేదని వెనక్కి రాకండి, ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని కలిసి ఏ ప్యాకేజీ కింద అనుమతికి పంపొచ్చో సర్జన్ ఆఫీసుతో కలిపి తేల్చుకోండి. అనుమతి రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు కాబట్టి కార్డు, ఆధార్, ఎంఆర్ఐ సీడీ ఈ వారమే సిద్ధం చేయండి.

తేదీ వచ్చేదాకా అక్క బరువులు ఎత్తకూడదు, ఛాతీకి దెబ్బ తగిలే పనులు వద్దు, మంద వెనక వెళ్లడం అసలు వద్దు. ఒక్కసారిగా ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో గట్టి నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, చేయో కాలో పడిపోవడం లేదా చల్లబడడం, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లకుండా 108కి ఫోన్ చేయండి, వచ్చినవాళ్లకి మొదటి మాటే గుండెలో హైడాటిడ్ సిస్టు ఉంది అని చెప్పండి. ఎకో కాగితం ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.

పిల్లలకి అక్క నుంచి అంటుకోదు. కలిసి తిన్నా, పక్కన పడుకున్నా, ఒకే గ్లాసులో తాగినా రాదు. మటన్ తింటే కూడా రాదు. కానీ అక్కకి ఎక్కడ సోకినా, కుక్కలు, గొర్రెలు ఉన్న అదే ఇంట్లో, అదే వాకిట్లో పిల్లలు, బావ, అత్తమామలు తిరుగుతున్నారు. అందరికీ ఒకసారి కడుపు అల్ట్రాసౌండ్ తీయించండి, పెద్ద ఖర్చు కాదు. మంద కాసేవాళ్లకి ఛాతీ ఎక్స్‌రే కూడా.

కుక్కల్ని వదిలేయకండి. ఊరి మీద వదిలితే పురుగుని ఊరంతా పంచినట్టే, పైగా మందకి కుక్క లేకపోతే కుదరదు కదా. పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఇప్పించండి, బరువుని బట్టి డోసు ఆయన చెప్తారు. ఒకసారి ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. మళ్లీ పచ్చి కార్జం తింటే కొన్ని వారాల్లో పురుగు మళ్లీ గుడ్లు పెట్టే స్థాయికి వస్తుంది, కాబట్టి ఏడాదికి కనీసం నాలుగుసార్లు ఇప్పించాలి. మందు ఇచ్చిన రెండు మూడు రోజులు కుక్కల్ని కట్టేసి ఉంచి, మలాన్ని చేతికి తగలకుండా ఎత్తి లోతుగా పూడ్చేయండి లేదా కాల్చేయండి. ఫినాయిల్ పోస్తే గుడ్లు చావవు, వేడికి చస్తాయి.

కుక్కకి పురుగు ఎక్కడి నుంచి వస్తోందో అది ఆపకపోతే మాత్రలు ఎన్ని ఇచ్చినా అంతే. మన ఊళ్లలో బోనాలకో దసరాకో యాట కోసినప్పుడు చూడండి, కార్జం మీదో ఊపిరితిత్తుల మీదో తెల్లటి నీటి బుడగలు కనిపిస్తే ఇది పాడైంది అని పక్కకి విసిరేస్తారు, ఎదురుచూస్తున్న కుక్క పట్టుకుపోతుంది. మంచిదాన్ని మనం వండుకుని, జబ్బున్నదాన్ని ఏరి మరీ కుక్కకి పెడుతున్నాం. ఆ బుడగలోని పిల్లలే కుక్క పేగుల్లో పురుగులవుతాయి. మందలో చచ్చిన గొర్రెని గట్టు మీద పడేసినా ఇదే జరుగుతుంది. బుడగలున్న ముక్కని కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చాలి, లేదా బాగా ఉడకబెట్టాకే కుక్కకి పెట్టాలి. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో ఈ జబ్బు ఇంటింటా ఉండేది. పురుగు ఎలా తిరుగుతోందో చెప్పే కరపత్రం ఇళ్లకి పంచి, కుక్కలకి పచ్చి పేగులు, కార్జం అందకుండా చేసి, ఆ దేశం దీన్ని పూర్తిగా వదిలించుకుంది. అప్పటికి వాళ్ల దగ్గర స్కాన్లు లేవు, ఈ మాత్రలూ లేవు. మీ బావ నలుగురు కాపరులకి చెప్తే వాళ్లు వింటారు, ఆయన ఇంట్లోనే జరిగింది కాబట్టి డాక్టర్ చెప్పినదానికన్నా ఎక్కువ వింటారు.

ఆపరేషన్ అయ్యాక కూడా ఈ జబ్బు తిరిగి రావచ్చు, అందుకని ఎకో, కడుపు స్కాన్ మొదటి ఏడాది డాక్టర్ చెప్పినట్టు కొన్ని నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి, ఇలా చాలా ఏళ్లు చేయించాలి. బాగానే ఉంది కదా అని రెండో ఏడాది మానేసేవాళ్లే ఎక్కువ, మీ అక్కని ఆ లెక్కలో చేరనివ్వకండి. సర్జన్‌ని కలిసినప్పుడు అత్తగారింటి నుంచి ఒక పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ఎంఆర్ఐ బొమ్మలో ఆ బుడగని వాళ్ల కళ్లకి చూపించమని అడగండి.